వెడ్జ్ హీల్స్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎత్తు మడమల చెప్పుల గురించి ఈ శీర్షికకు కర్నూలు, అనంతపురం, కడప నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వెడ్జ్ హీల్స్ గురించే అడిగాయి. మడమ నుంచి కాలివేళ్ల వరకు మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా, వెనుక ఎత్తుగా మొదలై ముందుకు పోయేకొద్దీ పలచబడే ఒకే దిమ్మ అడుగున ఉండే చెప్పులివి. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

నేను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. నా ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. రోజంతా నిలబడి పాఠాలు చెప్పాలి. పెన్సిల్ హీల్ మానేసి 3 అంగుళాల వెడ్జ్ వాడుతున్నాను. ఇవి చదునైన చెప్పులతో సమానమేనని దుకాణంలో చెప్పారు. మరి సాయంత్రానికి కాలివేళ్ల మొదళ్లలో మంట, మెట్లు దిగేటప్పుడు మోకాలి నొప్పి ఎందుకు వస్తున్నాయి?
– ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

దుకాణంలో చెప్పిన మాట సగం వరకే సరైనది. పెన్సిల్ హీల్‌లో మడమ కింద వేలి కొనంత చోటే నేలను తాకుతుంది, అరికాలి వంపు కింద ఆధారం ఉండదు. వెడ్జ్‌లో ఆ ఖాళీ మొత్తం నిండిపోతుంది కనుక నేలను తాకే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, చీలమండ పక్కకు మడతపడే భయం తగ్గుతుంది, మట్టి నేల మీద మడమ దిగబడదు, బండల సందుల్లో ఇరుక్కోదు. ఈ మేలు నిజమైనదే. మీరు పెన్సిల్ హీల్ మానేసి మంచి పని చేశారు.

అయితే మీ పాదం ఇప్పటికీ ఏటవాలు మీదనే నిలబడి ఉంది. మడమ ఎంత పైకి లేస్తే శరీర భారం అంతగా ముందుకు జారి కాలివేళ్ల మొదళ్ల మీద పడుతుంది. మడమ కింద సన్నని మేకు ఉన్నా వెడల్పాటి దిమ్మ ఉన్నా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు. మీరు చెప్పిన మంటకు కారణం చాలా వరకు ఇదే.

అందుకే వెడ్జ్ కొనేటప్పుడు దుకాణదారు చెప్పే ఎత్తు ఒక్కటే తెలుసుకుంటే సరిపోదు. ఒక స్కేలు తీసుకుని మడమ కింద దిమ్మ మందం, కాలివేళ్ల మొదళ్ల కింద అట్ట మందం విడివిడిగా కొలవండి. 3 అంగుళాలంటే సుమారు 7.5 సెంటీమీటర్లు. ముందు భాగం మందం 1 సెంటీమీటరే అయితే తేడా 6.5 సెంటీమీటర్లు, అంటే మీ పాదం నిటారైన వాలు మీద ఉన్నట్టు. ముందు భాగం 3.5 సెంటీమీటర్లు ఉంటే తేడా 4 సెంటీమీటర్లే. రెండు జతలూ మీ ఎత్తును ఒకే మేర పెంచుతాయి, కానీ పాదానికి తెలిసే ఎత్తు ఆ తేడా మాత్రమే. రోజంతా నిలబడే వారికి ఈ తేడా 3 సెంటీమీటర్లు దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం. ముందు భాగాన్ని మరీ మందంగా ఎంచుకుంటే మరో చిక్కు వస్తుంది: పాదం నేలకు దూరమైనకొద్దీ చిన్న రాయి మీద అడుగు పడినా చీలమండ ఎక్కువగా ఒరుగుతుంది, పైగా మందపాటి అట్ట వంగదు. అట్ట వంగనప్పుడు దాని ముందు అంచు కొద్దిగా పైకి లేచి ఉండాలి, లేకపోతే అడుగు వేసిన ప్రతిసారీ మడమ చెప్పులో నుంచి పైకి జారి, నడక బరువుగా మారుతుంది.

ఇక మోకాలి సంగతి. అమెరికాలో కేసీ కెర్రిగన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఎత్తు మడమలతో నడిచేటప్పుడు స్త్రీల మోకాలి కీలుపై పడే బలాలను కొలిచి 1998లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రచురించారు. అరుగుదల ఎక్కువగా కనిపించే మోకాలి లోపలి వైపు ఒత్తిడి పెరుగుతోందని అందులో తేలింది. వెడల్పు మడమలైతే ఈ ఇబ్బంది ఉండదేమోనని 2001లో వారే మళ్లీ పరీక్షించగా వెడల్పు మడమలతోనూ ఒత్తిడి పెరిగిందని వెల్లడైంది. కాబట్టి వెడల్పాటి ఆధారం చీలమండను కాపాడుతుంది గానీ మోకాలిని కాపాడదు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికే నొప్పి ఉందంటున్నారు కనుక ఎముకల వైద్యుడికి ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు ఒక్కసారిగా పూర్తిగా చదునైన చెప్పులకు మారాలని మాత్రం తొందరపడకండి. ఏళ్ల తరబడి ఎత్తు మడమలు వాడిన స్త్రీలలో పిక్క కండరపు పోగులు పొట్టిబడి, మడమను పిక్కతో కలిపే కండర బంధం మందంగా, బిరుసుగా మారుతుందని 2010లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. చాలామందికి చదునైన చెప్పులు వేసుకున్న మొదటి రోజుల్లో పిక్కలు లాగడానికి కారణం ఇదే. కొన్ని వారాలు తక్కువ వాలు ఉన్న జత వాడి, ఆ తర్వాత ఇంకా తగ్గించండి. ఇంటికి రాగానే గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కు పెట్టి, ఆ మడమను నేలకు అదిమి పిక్కను సాగదీయడం అలవాటు చేసుకోండి. తరగతి గదిలో ఒకటి, దారికి ఒకటి చొప్పున రెండు జతలు ఉంచుకునే ఉపాధ్యాయినులు ఉన్నారు, అది మంచి పద్ధతి.

వెడ్జ్ హీల్స్ 1970లలో పుట్టాయని నా స్నేహితురాలు అంటోంది. మా కళాశాల కార్యక్రమంలో నేను పాదరక్షల చరిత్రపై మాట్లాడాలి. అసలు ఇవి ఎక్కడివి?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

1970లలో ఇవి తిరిగి వచ్చాయి. ఇప్పటి రూపంలో పుట్టింది అంతకు ముందు నలభై ఏళ్ల నాడు, ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో, సాల్వతోరే ఫెర్రగామో అనే చెప్పుల పనివాడి చేతిలో. నేపుల్స్ దగ్గరి బొనీతో అనే పల్లెలో 1898లో పేద కుటుంబంలో పుట్టిన ఆయన చిన్నతనంలోనే చెప్పులు కుట్టడం నేర్చుకుని, అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో సినిమా తారలకు పాదరక్షలు చేసి పేరు తెచ్చుకున్నాడు. అందమైన చెప్పులు కాళ్లను ఎందుకు బాధపెడతాయో తెలుసుకోవాలని అక్కడి విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రపు పాఠాలు విన్నాడు. నిలబడిన మనిషి భారం తాపీమేస్త్రీ వేలాడదీసే తూకపు గుండులా నేరుగా అరికాలి వంపు మీదకు దిగుతుందని గ్రహించి, ఆ వంపు కింద సన్నని ఉక్కు పట్టీని దాచి చెప్పులు చేయడం మొదలుపెట్టాడు. చెప్పుల తయారీలో దానిని షాంక్ అంటారు. 1927లో ఇటలీకి తిరిగి వచ్చి ఫ్లోరెన్సులో స్థిరపడ్డాడు.

వెడ్జ్ పుట్టుకకు కారణం కొరత. 1935 అక్టోబరులో ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీద దండెత్తడంతో నానాజాతి సమితి ఇటలీపై ఆర్థిక ఆంక్షలు విధించింది. యుద్ధ సన్నాహాల ఆ కాలంలో మేలైన ఉక్కు చెప్పుల పనికి దొరకలేదు. దొరికిన నాసి ఉక్కు పట్టీలు నడుస్తుండగానే విరిగిపోయేవి. ఫెర్రగామో ఆలోచన పట్టీ మీది నుంచి ఖాళీ మీదకు మళ్లింది. మడమకూ ముందరి అట్టకూ నడుమ ఉన్న ఆ ఖాళీనే పూర్తిగా నింపేస్తే వంపును మోయడానికి ఉక్కుతో పని ఉండదు. సార్డీనియా దీవిలో దొరికే బెండు ముక్కలను చెక్కి, ఒకదానిపై ఒకటి అతికించి ఆ చోటు నింపాడు. అలా 1930ల నడుమ వెడ్జ్ రూపు దిద్దుకుంది. నటి జూడీ గార్లాండ్ కోసం 1938లో ఆయన చేసిన రంగురంగుల వరుసల బెండు అట్ట శాండిల్ ఈనాటికీ మ్యూజియంలలో కనిపిస్తుంది. చేతిలోని సామగ్రి చెడినప్పుడు పని ఆపకుండా నిర్మాణాన్నే మార్చిన ఆ నేర్పు గురించి మీ ప్రసంగంలో తప్పక చెప్పండి.

బెండు అనేది మధ్యధరా తీరంలో పెరిగే ఒక సింధూర జాతి చెట్టు బెరడు. చెట్టును నరకరు. సుమారు పాతికేళ్లు పెరిగాక మొదటిసారి బెరడు ఒలిచి, తర్వాత సుమారు తొమ్మిదేళ్లకొకసారి ఒలుస్తారు. గాలి నిండిన సన్నని గదులతో ఉంటుంది కనుక తేలికగా ఉంటుంది, నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది. ప్రపంచపు బెండులో దాదాపు సగం పోర్చుగల్‌లోనే పండుతుంది. మన దుకాణాల్లో బెండులా కనిపించే దిమ్మలు చాలా వరకు పీయూ (పాలీయురథేన్ అనే నురగ) దిమ్మకు పలచని బెండు పొర చుట్టినవో, బెండు నమూనా అచ్చువేసిన షీటు అతికించినవో అయి ఉంటాయి. దిమ్మ వెనుక, లోపలి వైపు షీటు కలిసే అతుకు కనిపిస్తే అది పైపొర మాత్రమే.

రెండో ప్రపంచ యుద్ధంలో తోలు సైనికుల బూట్లకు పోవడంతో యూరప్ స్త్రీలు బెండు, కొయ్య అట్టలతో నడిచారు, వెడ్జ్ ఆ రోజుల్లోనే విరివిగా పాకింది. 1950లలో సన్నని స్టిలెటో మడమ వచ్చి దానిని పక్కకు నెట్టింది. 1970ల ఆరంభంలో ఈవ్ సాఁ లోరాఁ అనే ఫ్యాషన్ రూపకర్త స్పెయిన్‌కు చెందిన కాస్టన్యేర్ కుటుంబంతో జనపనార తాడు చుట్టిన అట్టల చెప్పులకు వెడ్జ్ మడమ పెట్టించాడు. మీ స్నేహితురాలు విన్నది ఆ కాలపు సంగతి అయి ఉంటుంది. వెనిస్ స్త్రీలు 15 నుంచి 17వ శతాబ్దం దాకా వేసుకున్న చొపీన్ అనే ఎత్తు చెప్పులను కొందరు వెడ్జ్‌కు మూలంగా చెబుతారు గానీ, వాటిని అడుగంతా దాదాపు ఒకే మందంగా ఉండే ప్లాట్‌ఫాం చెప్పుల కుటుంబంలో చేర్చడమే న్యాయం.

మా అమ్మాయి పెళ్లి వైశాఖంలో. అబ్బాయి బాగా పొడగరి. పక్కన నిలబడితే బాగుండాలని 4 అంగుళాల వెడ్జ్ కొనమంటోంది. పట్టుచీరకు అవి నప్పుతాయా?
– ఒక తల్లి, కడప

నప్పుతాయి. పట్టుచీర అంచు బరువుగా దిగుతుంది కనుక వెడ్జ్ వేసుకున్న నడకలో కుచ్చిళ్లు తీరుగా నిలుస్తాయి. కానీ 4 అంగుళాలు వద్దు. రిసెప్షన్‌లో గంటల తరబడి వేదిక మీద నిలబడి అందరినీ పలకరించాల్సిన పిల్ల మొహంలో ఆ నొప్పి ఫొటోల్లో తెలిసిపోతుంది. వెనుక రెండున్నర అంగుళాలు, ముందు ఒక అంగుళం ఉన్న జత చూడండి. ఫొటోలో ఆ కొద్ది తేడా ఎవరికీ పట్టదు.

చీర కట్టడంలో ఒక జాగ్రత్త ఉంది. చెప్పులు వేసుకుని కుచ్చిళ్లు పోస్తే ఆ ఎత్తుకు చీర సరిపోతుంది, చెప్పులు విడిచిన క్షణం అంచు నేల మీద పారాడి కాళ్లకు అడ్డం పడుతుంది. ముహూర్తం వేళ అమ్మాయి ఎలాగూ పాదరక్షలు లేకుండానే కూర్చుంటుంది. అందుకని ముహూర్తపు చీరను ఒట్టి కాళ్ల ఎత్తుకు, రిసెప్షన్ చీరను చెప్పులు వేసుకున్నాక కట్టించండి. చీర కట్టే అమ్మాయికి ఈ సంగతి ముందుగా చెప్పాలి.

మెట్టెలు మరచిపోవద్దు. వాలు మీద పాదం ముందుకు జారుతుంది కనుక వేళ్లకు అడ్డంగా ఉన్న పట్టీ కొత్త మెట్టెలను చర్మంలోకి నొక్కుతుంది. సాయంత్రానికి రెండో వేలు వాచి మెట్టె తీయలేని పరిస్థితి వస్తుంది. పట్టీ వేళ్ల మొదళ్లకు వెనుకగా ఉండి, చీలమండ దగ్గర మరో పట్టీ పాదాన్ని వెనక్కు పట్టి ఉంచే జత ఎంచుకోండి. కొనేటప్పుడు మీ మెట్టెలు అమ్మాయి వేలికి పెట్టించి నడిపించి చూడండి. పసుపు, పారాణి అంటుకుంటే తెల్లని లోపలి అట్ట మీద మరక పోదు కాబట్టి ముదురు రంగు లోపలి అట్ట మంచిది.

ఇక నేల. మన ప్రాంతపు కల్యాణ మండపాల్లో చాలా వాటికి కడప బండలో, బేతంచెర్ల, తాడిపత్రి బండలో పరిచి నునుపు చేసి ఉంటారు. పన్నీరు చల్లిన చోట, భోజనాల హాలు దగ్గర నీళ్లు ఒలికిన చోట అవి ఎంతగా జారతాయో మీకు చెప్పనక్కరలేదు. గట్టి ప్లాస్టిక్ అడుగు ఉన్న వెడ్జ్ ఆ బండల మీద ప్రమాదకరం. రబ్బరులా పట్టు ఉండే టీపీఆర్ అడుగు అడగండి. ఇప్పటికే కొని ఉంటే చెప్పులు కుట్టే ఆయన చేత అడుగున పలచని గరుకు రబ్బరు షీటు వేయించండి. పెళ్లికి వారం ముందు నుంచి రోజూ కాసేపు ఇంట్లో వేసుకుని తిరగమనండి.

ఆషాఢం డిస్కౌంటులో కొన్న ఖరీదైన వెడ్జ్ శాండిల్స్‌ను అపురూపంగా డబ్బాలో దాచుకున్నాను. మూడేళ్ల తర్వాత వేసుకుని నాలుగు అడుగులు వేయగానే అడుగు భాగం మట్టిపెళ్లలా రాలిపోయింది. వాడని చెప్పులు ఎలా పాడవుతాయి?
– గృహిణి, కర్నూలు

మీ బాధ అర్థమైంది. తప్పు మీ వాడకంలో లేదు. వెడ్జ్ దిమ్మలను ఎక్కువగా పాలీయురథేన్ అనే నురగ పదార్థంతో పోస్తారు, వ్యాపారులు దానిని పీయూ అంటారు. దానిలోని కొన్ని రకాలు గాలిలోని తేమతో నెమ్మదిగా రసాయనిక చర్య జరిపి లోపలి బంధాలను కోల్పోతాయి. వేడి ఆ చర్యను వేగవంతం చేస్తుంది. మన వేసవి ఎండకు కాగిన అలమరలో, ఆ తర్వాత వానాకాలపు తేమలో, గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో ఉన్న చెప్పులకు దాచిపెట్టడం రక్షణ కాదు. వాటి వయసు మీరు కొన్న రోజు నుంచి కాక తయారైన రోజు నుంచే లెక్క. డబ్బా మీది చీటీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. డిస్కౌంటు సరుకు కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది దానినే. పాత జతను వేసుకునే ముందు దిమ్మ పక్క భాగాన్ని గోటితో నొక్కండి. గుంట అలాగే ఉండిపోయినా, జిగటగా తగిలినా, సన్నని పగుళ్లు కనిపించినా బయటకు వేసుకెళ్లవద్దు.

రాలిపోయిన దిమ్మకు సొల్యూషన్ పూసి అతికించడం కుదరదు. అతికిన పైపొర కింద ఉన్న పదార్థమే పొడి అవుతోంది. అట్ట ఊడిపోవడం వేరు: దిమ్మ గట్టిగానే ఉండి, ఎండ వేడికి జిగురు సడలి అట్ట విడిపోతే దానిని శుభ్రం చేయించి, కొత్తగా అతికించి, అంచు చుట్టూ కుట్టు వేయిస్తే చాలా కాలం నిలుస్తుంది. ఎక్కువ కాలం దాచుకోవాలనుకునే వారు ఈవీఏ అనే మరో రకం నురగ దిమ్మ ఉన్నవి కొనడం మేలు, తేమ వల్ల అది ఇలా పొడి కాదు.

ఆన్‌లైన్‌లో నా సైజు 5 తెప్పిస్తే వెడ్జ్‌లో వేళ్లు నొక్కుకుపోతున్నాయి, 6 తెప్పిస్తే మడమ వెనుక ఖాళీ వస్తోంది. ఏది సరైనది?
– బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం

రెండూ కాకపోవచ్చు, ఎందుకంటే మీ సమస్య పొడవుది కాదు, వెడల్పుది. మనం వాడే సైజులు బ్రిటిష్ కొలతల నుంచి వచ్చినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు వెడల్పుగా ఉంటాయని గుర్తించి, మన కోసం 'భ' అనే ప్రత్యేక కొలతల విధానాన్ని ప్రతిపాదించింది. వెడ్జ్‌లో పాదం ముందుకు జారి వేళ్ల మొదళ్లు విచ్చుకుంటాయి కనుక ఇరుకు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. సైజు పెంచితే పాదం మరింత జారుతుంది. 5లోనే ముందు భాగం వెడల్పుగా ఉన్నది గానీ, బకిల్‌తో పట్టీని వదులు చేసుకునే వీలున్నది గానీ తీసుకోండి. సాయంత్రం పూట పాదాలు కొంత ఉబ్బి ఉంటాయి, అప్పుడే దుకాణానికి వెళ్లి రెండు కాళ్లకూ వేసుకుని చూడడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

వెడ్జ్ వేసుకుని స్కూటీ నడపవచ్చా?
– ఉద్యోగిని, కడప

వద్దు. కూడళ్లలో బండి ఆపి కాలు కింద పెట్టినప్పుడు మందపాటి అట్ట నేల పల్లాన్ని పాదానికి తెలియనివ్వదు. కాలు ఒరిగిందంటే బండి బరువంతా ఆ చీలమండ మీదే పడుతుంది. చదునైన, వెనుక పట్టీ ఉన్న చెప్పులతో నడిపి, వెడ్జ్‌ను డిక్కీలో పెట్టుకెళ్లండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో మాత్రం గంటల తరబడి వదలకండి, జిగురు కరుగుతుంది.

నా వయసు 54. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. అరికాళ్లలో తిమ్మిరి. మా కోడలు ప్రేమతో తక్కువ ఎత్తు వెడ్జ్ తెచ్చింది. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

అమ్మా, దయచేసి వాడకండి. తిమ్మిరి ఉన్న పాదానికి నొప్పి సరిగా తెలియదు. వాలు వల్ల వేళ్ల మొదళ్ల కింద ఒత్తిడి పెరిగి చర్మం లోపల పుండు మొదలైనా మీకు కబురు అందదు. మధుమేహ వైద్యుల దగ్గర సన్నని నైలాన్ పోగును అరికాలి మీద అక్కడక్కడా ఆనించి స్పర్శను పరీక్షిస్తారు. 10 గ్రాముల బలానికి వంగే ఆ పోగు తాకినట్టు తెలియకపోతే పాదానికి రక్షణ తగ్గిందని అర్థం. ఆ పరీక్ష వెంటనే చేయించుకోండి. లోపలి అట్ట మెత్తగా ఉండే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు, వెనుక పట్టీ ఉన్నవి, వైద్యుడు సూచించిన చోట తీసుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లను అద్దంలో చూసుకోండి, లేదా మీ కోడలినే చూడమనండి. ఎరుపు గానీ బొబ్బ గానీ కనిపిస్తే తెల్లవారగానే ఆసుపత్రికి వెళ్లండి.